బిజినెస్ డిగ్రీ, లిబరల్ ఆర్ట్స్ చదువు, విదేశంలో ఒక సెమిస్టర్: ఈ మూడూ ఒకే డిగ్రీలో ఎలా ఇముడుతాయి?

అమెరికాలో డిగ్రీ స్థాయిలో బిజినెస్ చదవాలనుకునే వాళ్లకు మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. విలియమ్స్, ఆమ్హెర్స్ట్, స్వార్త్‌మోర్ లాంటి పేరున్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో బిజినెస్ అనే మేజరే ఉండదు. అయినా అక్కడ చదివిన వాళ్లు బ్యాంకుల్లోకీ కన్సల్టింగ్ కంపెనీల్లోకీ వెళ్తూనే ఉంటారు. మరోవైపు రిచ్‌మండ్ యూనివర్సిటీ, బక్నెల్, వాషింగ్టన్ అండ్ లీ కూడా లిబరల్ ఆర్ట్స్ సంస్థలే, కానీ వాటిలో బిజినెస్‌కి ప్రత్యేకంగా ఒక స్కూలే ఉంది. మరి ఏది అసలైన బిజినెస్ చదువు? దీనికి తోడు దాదాపు ప్రతి కాలేజీ బ్రోషర్‌లోనూ కనిపించే "గ్లోబల్ ఎక్స్‌పీరియన్స్" అనే మాట ఒకటి. దాని కింద రెండు వారాల యాత్రా వస్తుంది, ఏడాది పొడవునా వేరే దేశంలో ఉండి చదవడమూ వస్తుంది.

బిజినెస్, లిబరల్ ఆర్ట్స్, విదేశీ అనుభవం మూడూ ఒకే చోట దొరకడం ఇప్పుడు పెద్ద విశేషమేమీ కాదు. ఆ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయా, లేక ఎవరి దారిన వాళ్లు నడుస్తున్నారా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. అది తెలియాలంటే బ్రోషర్ పక్కన పెట్టి క్రెడిట్ల (ఒక్కో కోర్సుకి ఇచ్చే పాయింట్ల) లెక్క, క్యాలెండరు, నిబంధనలు చూడాలి.

ముందు మాటలు తెలుసుకుందాం

లిబరల్ ఆర్ట్స్ చదువంటే విద్యార్థిని ఒక్క వృత్తికే తయారుచేయకుండా సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, గణితం, ఫిజిక్స్, ఎకనామిక్స్, సైకాలజీ లాంటి చాలా శాస్త్రాల్లో ఆలోచించే పద్ధతి నేర్పడం. ఇందులో సైన్సు కూడా భాగమే. క్లాసులు చిన్నవిగా ఉంటాయి, చర్చ ఎక్కువ, రాత పని ఇంకా ఎక్కువ. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే మామూలుగా డిగ్రీ విద్యార్థులే ఎక్కువగా ఉండే చిన్న సంస్థ. లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీ అని చెప్పుకునే చోట బిజినెస్, ఇంజనీరింగ్ లాంటి స్కూళ్లు కూడా ఉంటాయి, కానీ అందరూ ఒక ఉమ్మడి కోర్ చదవాల్సిందే.

కోర్ అంటే మేజర్ ఏదైనా సరే అందరికీ తప్పనిసరి అయిన కోర్సులు. మేజర్ అంటే ప్రధానంగా చదివేది, మైనర్ అంటే దాని పక్కన ఐదారు కోర్సులతో చదివే రెండోది, ఎలక్టివ్ అంటే మనకి నచ్చింది ఎంచుకునేది. అమెరికా డిగ్రీ మామూలుగా 120 సెమిస్టర్ క్రెడిట్లు, అంటే ఎనిమిది సెమిస్టర్లలో సెమిస్టర్‌కి 15 చొప్పున. బీఏ, బీఎస్, బీబీఏ అన్న పేర్ల మధ్య తేడా ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది. స్థూలంగా చెప్పాలంటే బీబీఏలో బిజినెస్ కోర్సుల వాటా ఎక్కువ, బీఏలో బయటి కోర్సులకు చోటు ఎక్కువ.

బిజినెస్‌ని ఎక్కడ పెట్టారు: మూడు అమరికలు

మొదటి రకంలో బిజినెస్ మేజర్ ఉండదు, ఎకనామిక్స్ ఉంటుంది. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. ఎకనామిక్స్ విద్యార్థి ధరలు, పన్నులు, వడ్డీ రేట్లు మనుషుల నిర్ణయాలను ఎలా మారుస్తాయో మోడళ్లతో, స్టాటిస్టిక్స్‌తో చదువుతాడు. ఒక కంపెనీ బ్యాలెన్స్ షీటు చదవడం, మార్కెటింగ్ ప్లాన్ వేయడం అక్కడ నేర్పకపోవచ్చు. క్లేర్‌మాంట్ మెకెన్నా కాలేజీ ఎకనామిక్స్-అకౌంటింగ్ అనే ఉమ్మడి మేజర్ పెట్టి ఈ ఖాళీని కొంత పూడ్చింది.

రెండో రకంలో యూనివర్సిటీ లోపలే వేరుగా ఒక బిజినెస్ స్కూల్ ఉంటుంది. ఇక్కడ దాచి ఉన్న మెలిక అడ్మిషన్. కొన్ని చోట్ల మొదటి రోజు నుంచే బిజినెస్ స్కూల్‌లో సీటు ఉంటుంది, కొన్ని చోట్ల ముందు యూనివర్సిటీలో చేరి, ఏడాది రెండేళ్ల తర్వాత మార్కులు చూపించి లోపలికి వెళ్లాలి. రెండో పద్ధతిలో బిజినెస్ సీటు రాకపోయే అవకాశం నిజంగానే ఉంటుంది, ఆ టెన్షన్ మొదటి రెండేళ్ల కోర్సుల ఎంపికను కూడా మార్చేస్తుంది: గ్రేడు తగ్గుతుందేమో అన్న భయంతో కష్టమైన తత్వశాస్త్రం కోర్సు వదిలేసి తేలికైనది తీసుకునే విద్యార్థికి లిబరల్ ఆర్ట్స్ వల్ల వచ్చే లాభం అక్కడే సగం పోతుంది.

మూడో రకం, కాలేజీలో చరిత్ర విభాగం లాగే బిజినెస్ విభాగం కూడా ఒకటి. కోర్సులు తక్కువ, స్పెషలైజేషన్లు తక్కువ, కానీ వేరే మేజర్‌తో కలిపి చదవడం సులువు.

ఈ గొడవ కొత్తది కాదు

యూనివర్సిటీలో బిజినెస్ నేర్పడం 1881లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మొదలైంది. జోసెఫ్ వార్టన్ అనే పారిశ్రామికవేత్త లక్ష డాలర్లు ఇచ్చి పెట్టించిన స్కూల్ అది. తర్వాతి దశాబ్దాల్లో ఇలాంటివి వందలకొద్దీ పుట్టుకొచ్చాయి, వాటిలో చాలా చోట్ల చదువు ఇరుకైన వృత్తి శిక్షణగా మారింది. 1959లో ఫోర్డ్ ఫౌండేషన్, కార్నెగీ కార్పొరేషన్ డబ్బుతో తయారైన రెండు వేర్వేరు నివేదికలు దీన్ని గట్టిగా విమర్శించాయి. విద్యార్థులు చిన్న చిన్న పనిమెళకువలు నేర్చుకుంటున్నారు తప్ప విశాలమైన చదువు లేదు, లిబరల్ ఆర్ట్స్ వాటా పెంచాలి అని.

బిజినెస్ స్కూళ్లు మారాయి, కానీ ఆ విమర్శలో సగాన్నే పట్టుకున్నాయి. ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, సైకాలజీ పరిశోధనని లోపలికి తెచ్చుకున్నాయి. చరిత్ర, సాహిత్యం, నీతిశాస్త్రం మాత్రం గోడ అవతలే ఉండిపోయాయి. 2011లో కార్నెగీ ఫౌండేషన్ పరిశోధకులు మళ్లీ అదే చోటికి వచ్చారు. బిజినెస్ విద్యార్థులు లిబరల్ ఆర్ట్స్ కోర్సులు తీసుకుంటున్నారు, కానీ ఆ రెండింటినీ కలిపే పని ఎవరూ చేయడం లేదు, ఆ భారం విద్యార్థి మీదే పడుతోంది అన్నారు. అమెరికాలో ఏటా ఇచ్చే బ్యాచిలర్ డిగ్రీల్లో దాదాపు ఐదో వంతు బిజినెస్‌వే. అన్ని మేజర్లలోకీ ఇదే పెద్దది. అందుకే ఈ ప్రశ్నని పండితుల గొడవ అని తీసిపారేయడానికి లేదు.

120 క్రెడిట్లలో ఏం పడుతుంది: ఒక లెక్క

ఊహకి ఒక విద్యార్థిని తీసుకుందాం, ఫైనాన్స్ చదవాలని ఉంది. యూనివర్సిటీ కోర్ 42 క్రెడిట్లు. అకౌంటింగ్, స్టాటిస్టిక్స్, మార్కెటింగ్, బిజినెస్ లా, ఆపరేషన్స్ లాంటివి కలిపి బిజినెస్ కోర్ 39. ఫైనాన్స్ మేజర్ 21. మొత్తం 102. మిగిలింది 18, అంటే కోర్సుకి మూడు క్రెడిట్ల చొప్పున ఆరు కోర్సులు.

ఈ 18 క్రెడిట్లే స్వేచ్ఛ. చరిత్రలో మైనర్ తీసుకుంటే 18కి 18 అందులోకే పోతాయి. ఇప్పుడు ఐదో సెమిస్టర్‌లో విదేశానికి వెళ్లి 15 క్రెడిట్లు చదివింది అనుకుందాం. అక్కడ చదివిన ఐదు కోర్సుల్లో మూడింటిని బిజినెస్ స్కూల్ తన కోర్సులకు సమానంగా ఒప్పుకుంది, రెండింటిని "ఎలక్టివ్‌గా మాత్రమే" రాసింది. కానీ ఎలక్టివ్‌కి చోటే లేదు! ఆ ఆరు క్రెడిట్లు ట్రాన్‌స్క్రిప్టులో (మార్కుల పత్రంలో) ఉంటాయి, డిగ్రీకి మాత్రం పనికిరావు. వాటి బదులు వేసవిలో డబ్బు కట్టి చదవాలి, లేదా తర్వాతి సెమిస్టర్లలో బరువు పెంచుకోవాలి, లేదా మైనర్ వదులుకోవాలి.

యూనివర్సిటీ కోర్‌లోని ఒక చరిత్ర కోర్సుని మైనర్‌కి కూడా లెక్కపెట్టుకోనిస్తే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. రెండు కోర్సులు అలా రెండు చోట్లా చెల్లితే ఆరు క్రెడిట్లు వెనక్కి వస్తాయి, విదేశంలో చదివిన ఆ రెండు కోర్సులకీ చోటు దొరుకుతుంది. డబుల్ కౌంటింగ్ అనే ఈ చిన్న నిబంధన క్యాటలాగులో ఎక్కడో ఒక మూల ఉంటుంది, కానీ బిజినెస్, లిబరల్ ఆర్ట్స్, విదేశం మూడూ నాలుగేళ్లలో కలుస్తాయా లేదా అన్నది చాలాసార్లు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

కలిపి చదవడం అంటే ఏమిటి: రానా ప్లాజా

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర రానా ప్లాజా అనే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అందులో ఉన్న ఫ్యాక్టరీలు పాశ్చాత్య దేశాల బ్రాండ్లకు బట్టలు కుట్టేవి. ముందు రోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు, కార్మికులను మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు.

ఆపరేషన్స్ క్లాసులో ఇది సప్లై చైన్ సమస్య: కొనేవాడికీ ఫ్యాక్టరీకీ మధ్య ఎన్ని చేతులు, ఆలస్యానికి జరిమానా ఎంత, తనిఖీ ఎవరి బాధ్యత. అకౌంటింగ్ క్లాసులో, భద్రత ఖర్చు ఎవరి పుస్తకంలోనూ కనిపించకుండా ఎలా పోయింది అన్నది ప్రశ్న. ఎకనామిక్స్‌లో వేతనాలు, ఎగుమతులు, ఆ ఉద్యోగాలు పోతే ఆ కార్మికులకు మిగిలే ప్రత్యామ్నాయాలు. చరిత్రలో 1911 నాటి న్యూయార్క్ ట్రయాంగిల్ ఫ్యాక్టరీ మంటలు, అందులో పోయిన 146 ప్రాణాలు, ఆ తర్వాత మారిన చట్టాలు. రాజనీతిలో, రానా ప్లాజా తర్వాత బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి కుదుర్చుకున్న అకార్డ్ అనే ఒప్పందం: ప్రభుత్వం చేయలేని తనిఖీని ఒప్పందంతో చేయించడం సాధ్యమేనా?

విడివిడిగా చదివితే ఇవి ఐదు సబ్జెక్టుల్లో ఐదు అధ్యాయాలు. ఒకే కోర్సులో బిజినెస్ ప్రొఫెసరూ చరిత్ర ప్రొఫెసరూ కలిసి కూర్చుని నేర్పితే, ఆ షర్టు ధరలో ఎవరి ప్రమాదం కలిసి ఉందో విద్యార్థికి కనిపిస్తుంది. అలాంటి ఉమ్మడి కోర్సులు నిజంగా నడుస్తున్నాయా అన్నది వెతికి చూడదగ్గ విషయం, ఎందుకంటే అవి ఖర్చుతో కూడుకున్నవి: ఒక్క క్లాసుకి ఇద్దరు అధ్యాపకుల సమయం పోతుంది.

రెండు వైపుల వాదనలు

బిజినెస్ నేరుగా చదవాలనే వాళ్ల వాదన బలమైనదే. మొదటి ఉద్యోగం ఇచ్చేవాడు ఎక్సెల్ వచ్చా, అకౌంటింగ్ తెలుసా, ఇంటర్న్‌షిప్ చేశావా అని అడుగుతాడు. అప్పు చేసి చదివే కుటుంబానికి 40 ఏళ్ల తర్వాతి లాభం కంటే మొదటి జీతమే ముఖ్యం. దాన్ని ముందుచూపు లేకపోవడం అనడం నాకు న్యాయంగా అనిపించదు.

అవతలి వైపు కూడా ఆధారాలున్నాయి. రిచర్డ్ అరమ్, జోసిపా రోక్సా అనే ఇద్దరు సోషియాలజిస్టులు 24 సంస్థల్లో సుమారు 2,300 మంది విద్యార్థులను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. రాయడంలో, తర్కించడంలో లిబరల్ ఆర్ట్స్ విద్యార్థుల కంటే బిజినెస్ విద్యార్థుల ఎదుగుదల తక్కువగా కనిపించింది. ఎక్కువ చదివించే, ఎక్కువ రాయించే కోర్సులు తీసుకున్న వాళ్లు ఎక్కువ ఎదిగారు. అంటే దోషం బిజినెస్ అనే సబ్జెక్టుది కాకపోవచ్చు, క్లాసులో ఎంత పని చేయించారన్నదే కావచ్చు. ఆ పరీక్ష ఎంతవరకు నమ్మదగ్గది అన్న విమర్శలూ వచ్చాయి.

జీతాల లెక్కకొస్తే, జార్జ్‌టౌన్ యూనివర్సిటీలోని విద్య-ఉద్యోగాల పరిశోధన కేంద్రం 2020లో ఒక అంచనా వేసింది. లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో పెట్టిన డబ్బుకి 10 ఏళ్లకు వచ్చే లాభం మిగతా కాలేజీల కంటే తక్కువ, 40 ఏళ్లకు మాత్రం దాదాపు 2 లక్షల డాలర్లు ఎక్కువ. దీన్ని ప్రచారానికి వాడుకునే వాళ్లు ఒక సంగతి వదిలేస్తారు. ఆ లెక్కలో పై వరుసలో ఉన్న కాలేజీలు చాలా కొద్దిమందినే తీసుకుంటాయి, ఆ విద్యార్థులు ఎక్కడ చదివినా బాగానే సంపాదించేవాళ్లేమో. అది కాలేజీ ప్రభావమా, ఎంపిక ప్రభావమా అన్నది ఈ అంకె ఒక్కటే తేల్చలేదు.

"గ్లోబల్" అనే మాట కింద ఏమేం ఉన్నాయి

1923లో డెలవేర్ యూనివర్సిటీ ఎనిమిది మంది విద్యార్థులను ఏడాది చదువుకి ఫ్రాన్స్ పంపింది. అమెరికాలో విదేశీ సంవత్సరం అనే పద్ధతికి ఆది అదే అంటారు. అప్పటి వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్ దాన్ని సమర్థించాడు, అంతర్జాతీయ వ్యాపారానికి మంచిదని. అంటే బిజినెస్‌కీ విదేశీ చదువుకీ బంధుత్వం మొదటి నుంచీ ఉంది. ఇప్పుడైతే విదేశానికి వెళ్లే అమెరికా విద్యార్థుల్లో సగానికి పైగా ఎనిమిది వారాలు లేదా అంతకంటే తక్కువే ఉంటున్నారు.

రకాలు చాలానే ఉన్నాయి. అధ్యాపకుడు వెంట తీసుకెళ్లే రెండు మూడు వారాల కోర్సు ఒకటి. యూనివర్సిటీల మధ్య ఎక్స్ఛేంజ్ ఒకటి, ఇందులో ఫీజు సొంత యూనివర్సిటీకే కట్టి వేరే దేశంలో చదువుతారు. నేరుగా విదేశీ యూనివర్సిటీలో సెమిస్టర్‌కి చేరడం ఇంకొకటి. మధ్యలో ప్రోగ్రాం నడిపే సంస్థలూ ఉన్నాయి.

డబ్బు లెక్క చూద్దాం, అంకెలు ఊహించినవే. సొంత యూనివర్సిటీ ఫీజు సెమిస్టర్‌కి 20,000 డాలర్లు, విదేశీ యూనివర్సిటీ ఫీజు 9,000. స్కాలర్‌షిప్ లేని విద్యార్థికి నేరుగా చేరితే 11,000 డాలర్లు మిగులుతాయి. అదే 12,000 స్కాలర్‌షిప్ ఉన్న విద్యార్థికి ఎక్స్ఛేంజ్‌లో ఆ స్కాలర్‌షిప్ కొనసాగితే కట్టేది 8,000. నేరుగా చేరితే స్కాలర్‌షిప్ ఆగిపోయి 9,000 కట్టాలి. చవకగా కనిపించిన దారే ఆ విద్యార్థికి ఖరీదైంది.

క్రెడిట్లకి కూడా మారకం రేటు ఉంది. యూరప్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, అమెరికాలో 30. కాబట్టి సాధారణంగా రెండు యూరప్ క్రెడిట్లు ఒక అమెరికా క్రెడిట్. అక్కడ ఆరు క్రెడిట్ల కోర్సు చదివానని సంతోషపడితే ఇక్కడ అది మూడే. విదేశంలో వచ్చిన గ్రేడు ఇక్కడి జీపీఏలో (గ్రేడ్ల సగటులో) కలుస్తుందా, పాస్ అని మాత్రమే రాస్తారా అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది క్యాలెండరు. పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు మూడో ఏడాది వేసవి ఇంటర్న్‌షిప్‌లకి రెండో ఏడాదిలోనే ఎంపికలు మొదలుపెడతాయి. ఆ ఎంపికలు అయ్యాక మూడో ఏడాదిలో విదేశానికి వెళ్తే మనసు నిమ్మళంగా ఉంటుంది, రెండో ఏడాది వసంతంలో వెళ్తే వేరే టైమ్ జోన్‌లో అర్ధరాత్రి ఇంటర్వ్యూలు. మార్కెటింగ్‌కో, చిన్న కంపెనీలకో వెళ్లేవాళ్లకు ఈ ఒత్తిడి ఇంతగా ఉండదు.

ఇంకా ముందుకు వెళ్లి డిగ్రీ మొత్తాన్నే దేశాల మధ్య పంచిన ప్రోగ్రాములూ ఉన్నాయి. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ, హాంకాంగ్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ, ఇటలీలోని బొకోని యూనివర్సిటీ కలిసి మొదలుపెట్టిన వరల్డ్ బ్యాచిలర్ ఇన్ బిజినెస్‌లో విద్యార్థులు ఒక్కో ఏడాది ఒక్కో చోట చదివి మూడు డిగ్రీలు అందుకునేలా రూపొందించారు. ఇలాంటివి భాగస్వాముల ఒప్పందం మీద బతుకుతాయి. అమెరికాలోని యేల్ యూనివర్సిటీ, సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ (ఎన్‌యూఎస్) కలిసి సింగపూర్‌లో పెట్టిన యేల్-ఎన్‌యూఎస్ లిబరల్ ఆర్ట్స్ కాలేజీ 2013లో మొదటి బ్యాచ్‌ని తీసుకుంది, 2021లో మూసివేత ప్రకటించారు, 2025లో చివరి బ్యాచ్ బయటికి వచ్చింది. మంచి పేరున్న కాలేజీయే, చదువు నాణ్యత గురించి ఫిర్యాదులతో మూసిందీ కాదు.

గుర్తింపు, లైసెన్సు, వీసా: చివర్లో బయటపడే నిబంధనలు

బిజినెస్ స్కూళ్లకి ఏఏసీఎస్‌బీ అనే ప్రత్యేక గుర్తింపు ఉంటుంది, 1916 నుంచి ఉన్న సంస్థ. చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల బిజినెస్ విభాగాలు చాలావాటికి ఇది ఉండదు. అంతమాత్రాన డిగ్రీ చెల్లదని కాదు, సంస్థ మొత్తానికి ఉండాల్సిన గుర్తింపు వేరు. అకౌంటెంట్‌గా సీపీఏ లైసెన్సు కావాలంటే మాత్రం 120 క్రెడిట్లు సరిపోవు అన్నది చాలాకాలంగా ఉన్న మాట. రాష్ట్రాలు 150 అడుగుతూ వచ్చాయి. ఇటీవల కొన్ని రాష్ట్రాలు బ్యాచిలర్ డిగ్రీతో పాటు రెండేళ్ల అనుభవం ఉన్నా చాలనే దారి కూడా తెరిచాయి.

బయటి దేశాల నుంచి ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చేవాళ్లకు ఇంకో లెక్క ఉంది, దాని గురించి ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. చదువయ్యాక పని చేసుకోవడానికి ఓపీటీ కింద 12 నెలలు ఇస్తారు. కోర్సు ప్రభుత్వ జాబితాలో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కింద ఉంటే, షరతులకు లోబడి ఇంకో 24 నెలలు అడగొచ్చు. ఆ జాబితా మేజర్లను వర్గీకరించే కోడ్ల మీద నడుస్తుంది. మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, మార్కెటింగ్, ఫైనాన్స్ కోడ్లు అందులో లేవు. మేనేజ్‌మెంట్ సైన్స్, బిజినెస్ స్టాటిస్టిక్స్ ఉన్నాయి. ఎకనామిక్స్‌లో సాధారణ ఎకనామిక్స్ కోడ్ లేదు, ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ ఉంది, అందుకే చాలా కాలేజీలు తమ ఎకనామిక్స్ మేజర్‌ని ఆ రెండో కోడ్ కిందికి మార్చుకున్నాయి.

కాబట్టి బిజినెస్ స్కూలే లేని ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో ఎకనామిక్స్ చదివిన విద్యార్థికి 36 నెలలు అడిగే వీలుండి, పక్క యూనివర్సిటీలో బీబీఏ చేసిన విద్యార్థికి 12 నెలలతోనే ఆగిపోవచ్చు. ఇద్దరూ ఒకే బ్యాంకులో, ఒకే బల్ల దగ్గర ఉద్యోగం చేస్తున్నా సరే. ఈ కోడ్ బ్రోషర్‌లో కనిపించదు, అడ్మిషన్ తర్వాత వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 ఫారంలో మేజర్ పేరు పక్కన ఉంటుంది. ముందే తెలుసుకోవాలనుకునే వాళ్లకు యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం చెబుతుంది.